బజర్ మోగితే లారీ ఆగుతుందా?

మన కాలేజీ ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో ఏ ఏడాదైనా మూడు ప్రాజెక్టులు ఉండి తీరతాయి. ఒకటి స్మార్ట్ డస్ట్‌బిన్, రెండోది ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, మూడోది డ్రైవర్ డ్రౌజీనెస్ డిటెక్షన్. ఈ మూడోదాని గురించే నా బాధ. ఫస్ట్ ఇయర్ వాళ్ల కోసం చెప్తున్నా: డ్రైవరు ముఖానికి ఎదురుగా ఒక వెబ్‌క్యామ్ పెడతారు. ఓపెన్‌సీవీతో రాసిన ప్రోగ్రాం కంటి చుట్టూ ఆరు చుక్కలు గుర్తుపట్టి, కన్ను ఎంత తెరుచుకుని ఉందో ఒక నిష్పత్తి లెక్కగడుతుంది. ఆ నిష్పత్తి వరసగా కొన్ని ఫ్రేములపాటు పడిపోతే బజర్ మోగుతుంది. డెమోలో టీమ్‌లో ఒకడు కళ్లు మూసుకుంటాడు, బజర్ కుయ్యిమంటుంది, ఎక్స్‌టర్నల్ గారు తలూపుతారు, మార్కులు పడతాయి.

ప్రాజెక్టు పనికిరాదని అనను. కానీ బజర్ మోగిన తర్వాత ఏమవుతుందో ఎవరూ అడగగా నేను వినలేదు. డ్రైవరు ఉలిక్కిపడి లేస్తాడు. ముఖం కడుక్కుంటాడు, టీ తాగుతాడు. మళ్లీ అదే స్టీరింగ్ పట్టుకుంటాడు. ఎందుకంటే లోడు చేరాల్సిన టైము మారలేదు కదా. పద్దెనిమిది గంటలుగా నడుపుతున్నవాడిని లేపడం వైద్యం కాదు, వాయిదా. నన్నడిగితే ఆ బజర్ కన్నా ముందు లారీలోకి రావాల్సింది ఒక చిట్టా: ఎన్ని గంటలు నడిపాడు, ఎక్కడ ఆపాడు, ఎంతసేపు పడుకున్నాడు. ఆ చిట్టాలో తప్పు తేలితే డ్రైవరుతోపాటు టైము పెట్టినవాడు కూడా జవాబు చెప్పాలి. ఇంతే నా వాదన.

యూరప్‌లో ఈ చిట్టా రాసే పెట్టె ఉంది, పేరు టాకోగ్రాఫ్. కారు స్టీరియో అంత ఉంటుంది. పాత రకంలో మైనం పూసిన గుండ్రటి కాగితపు బిళ్ల పెట్టేవాళ్లు. అది ఇరవై నాలుగు గంటలకి ఒక చుట్టు తిరిగేది, సన్నటి ముల్లు దాని మీద వేగం, దూరం, డ్రైవరు చేస్తున్న పని గీస్తూ పోయేది. 2006 మే నుంచి కొత్త బండ్లకి డిజిటల్ రకం తప్పనిసరి చేశారు. 2019 జూన్ నుంచి శాటిలైట్ ద్వారా లొకేషన్ కూడా రాసుకునే స్మార్ట్ రకం వచ్చింది. 2023 ఆగస్టులో వచ్చిన రెండో వెర్షన్ బండి దేశం సరిహద్దు దాటినా దానంతటదే నమోదు చేస్తుంది.

ఈసీఈ వాళ్లకి, సీఎస్ఈ వాళ్లకి ఇందులో చదువుకోవాల్సింది చాలా ఉంది. గేర్‌బాక్స్ దగ్గర ఒక సెన్సర్ బండి కదలికని పసిగడుతుంది. ఆ సెన్సర్‌కీ పెట్టెకీ మధ్య మాటలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. డ్రైవరుకి సొంత స్మార్ట్ కార్డు ఉంటుంది, బండి మారినా కార్డు అతనితోనే వస్తుంది. కంపెనీకి ఒక కార్డు, రిపేరు వర్క్‌షాపుకి ఒకటి, తనిఖీ అధికారికి ఒకటి. రికార్డుకి డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సంతకాల గొలుసు మూలం ఇటలీలోని ఇస్ప్రాలో ఉన్న యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రంలో ఉంటుంది. మనం నెట్‌వర్క్ సెక్యూరిటీ పేపర్లో పదమూడు మార్కుల కోసం బట్టీ పట్టే పబ్లిక్ కీ కథంతా అక్కడ ఒక లారీ డ్రైవరు నిద్రకి కాపలా కాస్తోంది.

నాకు మరీ నచ్చింది దాని మీదుండే బొమ్మలు. స్టీరింగ్ బొమ్మ అంటే నడుపుతున్నాడు. అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు అంటే లోడింగ్ లాంటి వేరే పని. అడ్డగీత ఉన్న డబ్బా అంటే పిలిస్తే రావడానికి సిద్ధంగా ఎదురుచూస్తున్నాడు. మంచం బొమ్మ అంటే విశ్రాంతి. ఒక్కో నిమిషం ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని ఖాతాలో పడాలి. ఎదురుచూపుకి కూడా ఒక బొమ్మ ఉండటం చిన్న విషయంగా అనిపించొచ్చు. గోడౌన్ గేటు బయట ఏడు గంటలు కూర్చున్నవాడికి అది చిన్న విషయం కాదు.

ఇక నిబంధనలు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. కావాలంటే ముందు 15, తర్వాత 30గా విడగొట్టుకోవచ్చు. రోజుకి 9 గంటలే డ్రైవింగ్, వారంలో రెండుసార్లు 10 దాకా పోవచ్చు. వారానికి 56, వరసగా రెండు వారాలకి కలిపి 90 దాటకూడదు. రోజూ 11 గంటల విశ్రాంతి, దాన్ని అప్పుడప్పుడు 9కి తగ్గించుకోవచ్చు. తనిఖీకి ఆపితే ఆరోజుతోపాటు వెనకటి 56 రోజుల చిట్టా చూపించాలి. 2024 చివరిదాకా 28 రోజులే ఉండేది, రెట్టింపు చేశారు.

ఇవన్నీ డ్రైవరు మీద పెట్టిన నియమాల్లా కనిపిస్తాయి. అసలు పట్టు 561/2006 అనే ఆ రెగ్యులేషన్‌లో పదో ఆర్టికల్ దగ్గర ఉంది. ఎంత దూరం నడిపితే అంత, ఎంత సరుకు మోస్తే అంత అని ప్రమాదానికి ఉసిగొల్పే లెక్కన జీతం ఇవ్వకూడదు. డ్రైవరు నిబంధన తప్పితే కంపెనీ కూడా బాధ్యురాలే. సరుకు పంపేవాళ్లు, మధ్యవర్తులు కూడా ఈ వేళలకి లోబడే టైము ఒప్పుకోవాలి. అంటే రేపు పొద్దున్నకల్లా సరుకు దిగాలి అని ఫోన్ చేసినవాడి పేరు కూడా చిట్టాలోకి వస్తుందన్నమాట.

మన దగ్గర చట్టం లేదనుకుంటే పొరపాటు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48. దూరప్రాంతాల రూట్లలో రోజుకి 10, వారానికి 54 దాకా. ఐదు గంటలకి మించకుండా కనీసం అరగంట విరామం. ఇప్పుడది 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. కాగితం మీద చూస్తే మన గంటలు యూరప్ గంటల కన్నా దయగా ఉన్నాయి! కానీ ఆ చట్టం ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థల కోసం రాసింది. ఒకటో రెండో లారీలున్న ఓనర్లు మన రోడ్ల మీద ఎంతమందో మీకూ తెలుసు. ఆ చట్టంలోని గంటలే రవాణా వాహనం నడిపే ఎవరికైనా వర్తిస్తాయని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 91 చెప్తుంది. అదే సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం పని గంటల్ని ముందుగా నిర్ణయించమని యజమానిని అడగొచ్చు, అలా నిర్ణయించిన గంటల్ని నమోదు చేయించొచ్చు. వాక్యం ఇంకోసారి చదవండి. నమోదు అయ్యేది ముందుగా నిర్ణయించిన గంటలు. నడిపిన గంటల ఊసు అక్కడ లేదు. ఎగ్జామ్‌కి ముందే అటెండెన్స్ షీట్ నింపేసినట్టు.

రికార్డులకేమీ కొదవ లేదు. ప్రతి టోల్‌గేటులో ఫాస్టాగ్ నిమిషంతో సహా టైము రాసుకుంటుంది. జీఎస్టీ ఈ-వే బిల్లుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది, గడువు దాటితే జరిమానా. బస్సులకి, ట్యాక్సీలకి ట్రాకింగ్ పరికరం, పానిక్ బటన్ పెట్టించారు. లారీలకి ఓనర్లే జీపీఎస్ బిగించుకుంటున్నారు. సరుకు ఎక్కడుందో, పన్ను కట్టారో లేదో, టోలు తెగిందో లేదో అన్నిటికీ లెక్కుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ నివేదికలో ట్రాఫిక్ ఉల్లంఘనల పట్టిక తీయండి. అతివేగం, తాగి నడపడం, రాంగ్ సైడ్, సిగ్నల్ జంప్, ఫోను, ఆ తర్వాత ‘ఇతరాలు’. నిద్రలేమికి గడి లేదు. గడి లేనిదానికి అంకె రాదు, అంకె రానిదానికి విధానం రాదు.

మా మేనమామ చేపల లారీ నడుపుతాడు. కైకలూరు వైపు లోడింగ్, హౌరా మార్కెట్‌లో దింపుడు. సుమారు 1,200 కిలోమీటర్లు. ట్రేల్లో చేప, చేప మీద ఐసు. ఐసు కరిగేకొద్దీ చేప రేటు కూడా కరుగుతుంది. అందుకే ఆ లారీకి ఇద్దరు డ్రైవర్లు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక బల్ల మీద పడుకుంటారు. దింపేటప్పటికి ఆలస్యమైతే కిరాయిలో కోత, ఆ కోత బత్తాల దాకా వస్తుంది.

లెక్క వేద్దాం. ఊళ్లు, టోల్‌గేట్లు, చెక్‌పోస్టులు కలుపుకుని సగటున గంటకి 45 కిలోమీటర్లు అనుకుంటే 1,200 కిలోమీటర్లకి 27 గంటల డ్రైవింగ్. మావయ్య వాళ్లు భోజనాలకి, టీలకి తప్ప ఆగరు, కాబట్టి ముప్ఫై గంటలకి అటూ ఇటూగా దింపేస్తారు. ఇదే ప్రయాణం యూరప్ నిబంధనలతో చేయాలంటే? అక్కడ ఇద్దరు డ్రైవర్లున్న బండికి వెసులుబాటు ఉంది. బయల్దేరిన 30 గంటల్లోపు ఇద్దరూ 9 గంటల విశ్రాంతి పూర్తి చేస్తే చాలు. కానీ ఆ 9 గంటలూ బండి ఆగి ఉండాలి. కదిలే లారీలో పడుకున్నది రోజువారీ విశ్రాంతి కింద లెక్కకు రాదు. ఇద్దరూ కలిసి 18 గంటలో 20 గంటలో నడిపి, ఎక్కడో భువనేశ్వర్ దాటాక తొమ్మిది గంటలు ఆపి, మిగతాది నడపాలి. మొత్తం నలభై గంటల దగ్గరికి వస్తుంది. అంటే మావయ్య వాళ్ల నిద్రకి, హౌరా మార్కెట్ టైముకి మధ్య పోటీ పదీ పన్నెండు గంటలు. ఇంకా ఎక్కువ ఐసుకో, రిఫ్రిజిరేటెడ్ బండికో, వంతు డ్రైవర్లని మధ్యలో మార్చడానికో ఎవరో ఒకరు డబ్బు పెడితే ఆ గంటలు కొనొచ్చు. ఇప్పుడు వాటిని ఉచితంగా ఇస్తున్నది ఇద్దరు మనుషుల కళ్లు.

కదిలే లారీలో నిద్ర ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను. ‘నిద్రేంట్రా అల్లుడూ, బ్రేకు పడ్డప్పుడల్లా నా కాలు కూడా నొక్కుద్ది’ అన్నాడు.

ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. డీజిలు, టోలు, పంక్చరు, భోజనం, దారి మామూళ్లు అన్నీ రూపాయితో సహా ఉంటాయి, ఓనరుకి లెక్క చూపించాలి కాబట్టి. నిద్రపోయిన టైము ఎక్కడా ఉండదు. ఓనరు అడగడు కదా. ఓనరు ఫోన్‌లో జీపీఎస్ యాప్ ఉంది. లారీ ఇరవై నిమిషాలకి మించి కదలకపోతే యాప్ ఆయనకి చెప్తుంది, ఆయన మావయ్యకి ఫోన్ చేస్తాడు, ‘ఏం, ఆగావే?’ అని.

నాకు ఈ ఫోన్ కాల్ దగ్గరే విషయం అర్థమైంది. టాకోగ్రాఫ్ తీసుకునేదీ బండి కదలిక, టైము, చోటు. ఓనరు యాప్ తీసుకునేదీ అదే డేటా. ఒకదాన్లో ఆగకపోవడం తప్పు, ఇంకోదాన్లో ఆగడం తప్పు. సెన్సర్ ఏం చేస్తుందన్నది రిపోర్టు ఎవరి టేబుల్ మీదకి వెళ్తుందో దాన్నిబట్టే ఉంటుంది. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ‘ఫ్యూచర్ స్కోప్’ కింద డ్రైవరు కునికినప్పుడు ఓనరుకి ఎస్సెమ్మెస్ పంపుతామని రాస్తుంటారు. ఆ ఎస్సెమ్మెస్ చూసి ఓనరు ఏం చేస్తాడో ఊహించండి. లారీ ఆపమంటాడా, డ్రైవర్ని మారుస్తాడా?

దీనికి ఎదురు మాటలు లేకపోలేదు. బ్రిటన్‌లో ఈ పెట్టె వచ్చేటప్పుడు డ్రైవర్ల యూనియన్లే గట్టిగా అడ్డం తిరిగాయి, క్యాబ్‌లో గూఢచారి అని పేరు పెట్టాయి. 1970లో యూరోపియన్ కమ్యూనిటీ నిబంధన వస్తే బ్రిటన్ దాన్ని ఇష్టమున్నవాళ్లు పెట్టుకోవచ్చని తేల్చేసింది. చివరికి 1979లో యూరోపియన్ కోర్టు అలా కుదరదని తీర్పు చెప్పాక దారికొచ్చింది. ఆ డ్రైవర్ల అనుమానాన్ని నేను కొట్టిపారేయను. ఓనరు జీపీఎస్ కింద బతికే మావయ్యని చూశాక అసలు కొట్టిపారేయలేను. కానీ గూఢచారి ఎలాగూ క్యాబ్‌లో కూర్చునే ఉన్నాడు. ఇప్పుడు వాడు ఒక పక్షానికే కబుర్లు మోస్తున్నాడు.

రెండో మాట, మోసం. గేర్‌బాక్స్ సెన్సర్ దగ్గర అయస్కాంతం పెడితే బండి పరిగెడుతుంటే పెట్టెలో మంచం బొమ్మ పడేది. యూరప్‌లో ఇలా దొరికినవాళ్లు బోలెడుమంది. అందుకే తర్వాతి రకాల్లో గేర్‌బాక్స్ కదలికని వేరే సెన్సర్‌తో, శాటిలైట్‌తో సరిచూడటం మొదలుపెట్టారు. అమెరికాలో కాగితం లాగ్‌బుక్కులు ఉన్న రోజుల్లో డ్రైవర్లే వాటిని కామిక్ బుక్కులనేవాళ్లు, అందులో ఉన్నదంతా కథే కాబట్టి. మన ల్యాబ్ రికార్డుల్లో రీడింగులు ఎలా వస్తాయో తెలిసిన మనకి దీని గురించి వివరంగా చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా బరువైన మాట అమెరికా అనుభవమే. 2017 డిసెంబరు నుంచి అక్కడ ఎలక్ట్రానిక్ లాగింగ్ పరికరం తప్పనిసరి. 11 గంటల డ్రైవింగ్, అది కూడా డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. తర్వాత పరిశోధకులు చూస్తే వేళల నిబంధన పాటించడం పెరిగింది గానీ, ప్రమాదాలు తగ్గిన ఆనవాలు దొరకలేదు. చిన్న కంపెనీల డ్రైవర్లలో అతివేగం కేసులు పెరిగాయి. కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడ చాలామందికి మైలు లెక్కన డబ్బులు. గోడౌన్ దగ్గర లోడు కోసం నాలుగు గంటలు ఆపేస్తే 14 గంటల గడియారం ఆగదు. పోయిన టైముని యాక్సిలరేటర్ మీద రాబట్టుకోవాలి. అబద్ధం రాసుకునే వీలు పోయింది, టైము పెట్టేవాడు మాత్రం మారలేదు. ఈ అనుభవం చూసి చిట్టా దండగ అనేవాళ్లున్నారు. నాకైతే యూరప్ పదో ఆర్టికల్ లేని చిట్టా ఎలా ఉంటుందో అమెరికా చేసి చూపించినట్టు అనిపిస్తుంది. యూరప్‌లో అంతా సజావుగా ఉందని కాదు, అక్కడా తూర్పు దేశాల డ్రైవర్లని పిండుకునే కంపెనీలున్నాయి. కనీసం అడగడానికి ఒక కాగితం ఉంది.

మన దగ్గర మాట మొదలవకపోలేదు. పైలట్లలాగే లారీ డ్రైవర్లకీ గంటలు నిర్ణయించాలనీ, నిద్రని పసిగట్టే సెన్సర్లు పెట్టాలనీ 2021 సెప్టెంబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ అన్నారు. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకి 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, మే నెలలో క్యాబిన్‌లో కూర్చుని చూసినవాళ్లెవరూ కాదనరు. కానీ పైలట్లతో పోలిక తెచ్చినప్పుడు పూర్తిగా తేవాలి. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలకి తగ్గట్టు ఒక పెద్ద విమానయాన సంస్థ సిద్ధం కాలేక వందలకొద్దీ విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లో ఇరుక్కుపోయిన మన సీనియర్ల స్టేటస్‌లు చూశాం కదా. అక్కడ పైలట్ గంటలు అయిపోతే విమానం ఎగరదు. ఆ భయం సంస్థది. లారీలో గంటలు అయిపోతే భయం ఎవరిది?

2024 జనవరి మొదట్లో డ్రైవర్ల సమ్మె గుర్తుందా? హైదరాబాద్ బంకుల దగ్గర క్యూలు, గుర్రం మీద ఫుడ్ డెలివరీ వీడియో. మనం వీడియో షేర్ చేసి నవ్వుకున్నాం. వాళ్లు రోడ్డెక్కింది ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త చట్టం మీద. పారిపోవడం తప్పే. కానీ ఆ కోర్టులో డ్రైవరు తరఫున చూపించడానికి ఏముంటుంది? ప్రమాదానికి ముందు అతన్ని ఇరవై గంటలు నడిపించారని రుజువు చేసే ఒక్క కాగితం ఉండదు. నడిపించినవాడి ఫోన్‌లో మాత్రం ఆ ట్రిప్పు నిమిషం నిమిషం ఉంటుంది.

కాబట్టి ఎక్స్‌పోలో ఈసారి ఎవరైనా ఈ ప్రాజెక్టు తీసుకుంటే, బజర్‌తోపాటు ఒక చవక చిట్టా చేయండి. కష్టమేమీ కాదు. ఒక ఈఎస్‌పీ32, ఒక జీపీఎస్ మాడ్యూల్, నాలుగు మీటలు, తెలుగులో మాట్లాడే స్పీకరు. కెమెరా అక్కర్లేదు, ముఖం అక్కర్లేదు. రికార్డు డ్రైవరు కార్డులో ఉండాలి, బండితో పోకూడదు. ఓనరు చూడొచ్చు గానీ చెరపలేకూడదు. సరుకు పంపినవాడి పేరు, వాడు అడిగిన టైము ట్రిప్పు మొదట్లోనే అందులో పడాలి. ఫాస్టాగ్ టైములతో సరిపోల్చి అబద్ధం పట్టే ప్రోగ్రాం రాయడం ఒక సెమిస్టర్ పని. చట్టం మార్చడం మన చేతిలో లేదు గానీ, ఇది పదివేలు కాదు వెయ్యి రెండు వేలలో కూడా అవుతుందని చూపించడం మన చేతిలోనే ఉంది.

ఒక్కటి మాత్రం మన సోల్డరింగ్ ఐరన్‌తో అయ్యేది కాదు. మంచం మీట నొక్కాలంటే లారీ ఎక్కడో ఆగాలి. అమెరికాలో 2009లో సరైన పార్కింగ్ దొరక్క మూతపడ్డ పెట్రోలు బంకులో ఆగిన డ్రైవరుని దోచుకుని చంపేశారు. అతని పేరు మీదే 2012లో లారీ పార్కింగుల కోసం జేసన్ చట్టం వచ్చింది. మన హైవే మీద డీజిలు కొట్టించకపోతే బంకులో ఉండనివ్వరు. రోడ్డు పక్కన ఆపితే వెనకనుంచి ఇంకో నిద్రమత్తు బండి వచ్చి గుద్దొచ్చు. చీకట్లో ఆపితే పొద్దున్నకి ట్యాంకు ఖాళీ. మావయ్య టోల్‌గేటు దాటగానే లైట్లు బాగా పడేచోట ఆపుతాడు. దొంగల భయం ఉండదట. పక్కనే లారీలు గేర్లు మారుస్తూ పోతుంటాయి కాబట్టి చెవుల్లో దూది పెట్టుకుంటాడు, ఫోను మాత్రం ఛాతీ మీద పెట్టుకుంటాడు, ఓనరు ఫోన్ చేస్తే తెలియాలి కదా.